గట్టి ఎముక వేరు, మొండి ఎముక వేరు

పోయిన కార్తీకంలో మా అమ్మ పెరట్లో తులసికోట దగ్గర జారి పడింది. గచ్చు తడిగా ఉంది, అంతే. మెట్ల మీంచి దొర్లింది లేదు, బండి గుద్దింది లేదు. నిలబడ్డ మనిషి నిలబడ్డ చోటే కూలబడితే కుడి తొడ ఎముక పైకొన, డాక్టర్లు మెడ అంటారే, అక్కడ విరిగింది. అంతకు ముందు ఏడాదే ఎముకల డెన్సిటీ కొలిచే డెక్సా స్కాన్ చేయించాం. టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె, మైనస్ 1.9 వచ్చింది. మైనస్ 2.5 దాకా దిగితేనే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీసిన గీత అది. మా అమ్మ గీతకి ఇవతలే ఉంది. ఆవిడ ఎముకకి మాత్రం ఆ గీత సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మా మేనకోడలు గుంటూరు దగ్గర బయోమెడికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. అమ్మమ్మని చూడ్డానికి విజయవాడ పటమట వచ్చి, వెళ్తూ వెళ్తూ వంటింటి గట్టు మీద ఓ ప్లాస్టిక్ డబ్బా పెట్టింది.

"గుడ్డు పెంకులు పారేయకుండా ఇందులో వెయ్యి మావయ్యా. మా బ్యాచ్ ప్రాజెక్టుకి కావాలి."

ప్రాజెక్టు పేరేమిటన్నాను. "గుడ్డు పెంకుల నుంచి తీసిన హైడ్రాక్సీ అపటైట్‌తో మానవ ఎముకలను బలపరచడం" అంది, ఊపిరి తీసుకోకుండా.

"బలం అంటే?"

"అంటే... డెన్సిటీ పెరగడం."

"అమ్మమ్మ డెన్సిటీ మరీ అంత తక్కువేం కాదుగా?"

దానికి జవాబు చెప్పకుండానే బస్సెక్కింది. కార్తీకం వెళ్లాక గానీ డబ్బా నిండడం మొదలవలేదు. ఈలోగా మా ఇద్దరి మధ్యా ఫోన్లో నడిచిన వాదనల్లోంచి పుట్టిందే ఈ వ్యాసం. ఏటా ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి గుంటూరు, విజయవాడల చుట్టుపక్కల కాలేజీల్లో ఎముకల మీద పోస్టర్లు కనబడుతూనే ఉంటాయి. ఫార్మసీ పిల్లలు నల్లేరు అంటారు, ఇంజనీరింగ్ వాళ్లు త్రీడీ ప్రింటింగ్ అంటారు, ఎంబీబీఎస్ వాళ్లు విటమిన్ డి సర్వే అంటారు. అందరి పోస్టర్ల మీదా "బలపరచడం" అన్న మాట ఉంటుంది. ఒక్కొక్కరూ దాంతో ఒక్కో సంగతి చెబుతారు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

రెండు బొమికెలు

ఇది ఎవరింట్లోనైనా చేసుకోవచ్చు. ఆదివారం కోడికూరలో మిగిలిన కాలి బొమికెలు రెండు తీసుకుని శుభ్రంగా కడిగాను. ఒకటి పాత హార్లిక్స్ సీసాలో వేసి మునిగేదాకా వెనిగర్ పోశాను. మధ్యలో రెండుసార్లు వెనిగర్ మార్చాను. రెండోదాన్ని పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంట మీద కాల్చాను. ముందు నల్లబడింది, ఇల్లంతా జుట్టు కాలిన కంపు కొట్టింది, అమ్మ మంచంలోంచే తిట్టింది. కాలుస్తూ పోతే చివరికి సుద్దలా తెల్లబడింది.

వారం తర్వాత వెనిగర్‌లోంచి తీసిన బొమికె చూడ్డానికి మామూలుగానే ఉంది. వంచితే రబ్బరు గొట్టంలా వంగింది, వదిలితే మళ్లీ తిన్నగా అయింది. కాల్చిందీ చూపుకి బొమికె ఆకారంలోనే ఉంది. వేళ్ల మధ్య నొక్కితే విభూదిలా రాలిపోయింది.

ఎముక బరువులో దాదాపు మూడింట రెండొంతులు ఖనిజం. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికం, హైడ్రాక్సీ అపటైట్ జాతిది. మిగతాది ఎక్కువగా కొల్లాజెన్ అనే ప్రోటీను, కొంత నీరు. వెనిగర్ ఖనిజాన్ని కరిగించేసి ప్రోటీన్ని వదిలింది. మంట ప్రోటీన్ని తినేసి ఖనిజాన్ని వదిలింది. ఒకటి వంగుతుంది గానీ బరువు మోయదు. ఇంకొకటి ఆకారం నిలుపుకుంటుంది గానీ దెబ్బకి ఆగదు. రెండూ కలిస్తేనే ఎముక.

ఇంజనీరింగ్ పిల్లలు దీన్ని వెంటనే ఆర్సీసీతో పోలుస్తారు. పోలిక బాగానే ఉంది. కాంక్రీటు నొక్కుడికి ఆగుతుంది, లాగితే పగులుతుంది, అందుకని ఇనప చువ్వలు వేస్తాం. మన అపార్ట్‌మెంట్ శ్లాబుల్లో వేసే ఎం25 కాంక్రీటు 28 రోజులకి 25 మెగాపాస్కల్ నొక్కుడు తట్టుకోవాలి. మన తొడ ఎముక దిట్టమైన పైపొర, నిలువుగా నొక్కితే, 170 మెగాపాస్కల్ దాకా తట్టుకుంటుంది. లాగితే 130 వరకూ ఆగుతుంది. అంత సన్నటి కాలు ఇంత మనిషిని మోస్తోందంటే ఊరికే కాదు.

కానీ ఆర్సీసీ పోలిక ఇక్కడితో ఆపాలి. శ్లాబులో చువ్వ వేలంత లావుంటుంది, కంటికి కనబడుతుంది. ఎముకలో కొల్లాజెన్ అణువు పొడవే 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర. ఆ పోగుల సందుల్లో నానోమీటర్ల మందం ఉన్న ఖనిజపు పలుకులు. పోగులు కలిసి పొరలు, పొరలు చుట్టుకుని గొట్టాలు, గొట్టాల నడుమ రక్తనాళాల దారులు. ఆ దారుల్ని క్లాప్టన్ హేవర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1691లోనే వర్ణించాడు. అందుకే వాటికి ఇప్పటికీ ఆయన పేరే. ఎముకలో ఓ సన్నని బీట పడిందనుకోండి, గాజులో లాగా అది సర్రున ఆ చివరికి పోలేదు. ప్రతి పొర దగ్గరా, ప్రతి గొట్టం అంచు దగ్గరా దారి మళ్లాల్సి వస్తుంది. మళ్లిన ప్రతిసారీ కొంత శక్తి ఖర్చవుతుంది. చాలా బీటలు అలా తిరిగి తిరిగి అలసిపోయి ఆగిపోతాయి.

ఈ గుణానికి తెలుగులో చక్కటి మాట ఉంది: మొండి. గట్టిది అంటే వంగనిది. మొండిది అంటే ఓ పట్టాన విరగనిది. గాజు గట్టిది, కానీ పెళుసు. తుమ్మ కర్ర గాజంత గట్టిది కాదు, కానీ మొండిది. మొండివాడు రాజుకంటే బలవంతుడన్న సామెత ఎముకల దగ్గర అక్షరాలా ఇంజనీరింగ్ సూత్రం. డెక్సా స్కాన్ కొలిచేది ఖనిజం ఎంత ఉందన్నదే. ఎక్స్-కిరణాలు పంపి, ఒక చదరపు సెంటీమీటరుకి ఎన్ని గ్రాములో చెబుతుంది. మొండితనం దానికి కనబడదు.

కొమ్ము, కాలు, చెవి

ఇంగ్లండులో యార్క్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ కరీ 1979లో మూడు ఎముకల్ని పక్కపక్కన పెట్టి కొలిచాడు. జింక కొమ్ము, ఆవు తొడ ఎముక, తిమింగలం చెవి ఎముక. జింక కొమ్ము కూడా ఎముకేనని చాలామందికి తెలీదు. కొమ్ములో ఖనిజం 59 శాతం, ఆవు తొడలో 67, తిమింగలం చెవిలో 86. డెన్సిటీయే బలమైతే చెవి ఎముక ముందుండాలి. విరగ్గొట్టడానికి పట్టే శ్రమ కొలిస్తే వరుస పూర్తిగా తిరగబడింది. కొమ్ముకి ఆవు ఎముక కన్నా మూడు రెట్లకు పైగా శక్తి ఖర్చయింది. చెవి ఎముక ఆవు ఎముకలో ఎనిమిదో వంతుకే పగిలింది.

ఆలోచిస్తే న్యాయంగానే ఉంది. మగ జింకలు కొమ్ములతో కుమ్ముకుంటాయి, అది దెబ్బ తినాలి, విరగకూడదు. కొంచెం వంగినా ఫరవాలేదు. తిమింగలం చెవి ఎముకని జీవితంలో ఎవరూ కొట్టరు, శబ్దం కోసం అది దట్టంగా ఉంటే చాలు. ఆవు కాలు కొమ్ములా వంగితే అడుగడుక్కీ తూలుతుంది, చెవిలా గట్టిగా ఉంటే మొదటి గెంతుకే ఫట్‌మంటుంది. అందుకని మధ్యలో ఎక్కడో రాజీ పడింది. మన కాళ్లూ అక్కడే ఉన్నాయి. ఎముకని బలపరుస్తాం అనేవాళ్లు ఏ పనికి బలపరుస్తారో ముందు చెప్పాలి. ఇది మేనకోడలితో అంటే, "మా గైడ్ ఈ ప్రశ్న అడగలేదు మావయ్యా" అంది. అడగలేదంటే నాకు ఆశ్చర్యం వెయ్యలేదు.

ప్రకాశం నీళ్లు చెప్పిన సంగతి

ఈ పాఠం కోసం తిమింగలం దాకా పోనక్కర్లేదు. ఒంగోలు దాటి దర్శి, పొదిలి, కనిగిరి వైపు వెళ్తే చాలు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు పాడవుతాయని మన దేశంలో మొదటిసారి 1937లో రాసింది ఆ తాలూకాల గురించే. అప్పుడవి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లాలో ఉండేవి. నల్గొండ కథ అందరికీ తెలిసిందే. ఏళ్ల తరబడి ఆ బావి నీళ్లు తాగినవాళ్ల ఎక్స్-రేల్లో ఎముకలు మామూలు కన్నా తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. ఖనిజం తగ్గడం కాదు, పెరగడం. అయినా మనిషి మెడ తిప్పలేడు, నడుం వంచలేడు. ఎముకల్ని కట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు కూడా గట్టిపడి బిగుసుకుపోతాయి.

ఫ్లోరైడ్ చేసేది రసాయనంగా చిన్న పనే. అపటైట్ స్ఫటికంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట తను దూరి కూర్చుంటుంది. స్ఫటికం ఇంకా స్థిరపడుతుంది. పంటి పైపూతకి కొద్దిపాటిగా ఇదే మేలు చేస్తుంది, అందుకే టూత్‌పేస్టులో వేస్తారు. మరి ఎముకకీ మేలు చెయ్యదా అని వైద్యులకి అనిపించింది. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్లకి సోడియం ఫ్లోరైడ్ మందుగా ఇచ్చి చూశారు. 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు ఫలితాలు ప్రచురించారు. నెలసరి ఆగిపోయిన 202 మంది ఆడవాళ్లు, నాలుగేళ్లు. ఫ్లోరైడ్ పుచ్చుకున్నవాళ్ల నడుం వెన్నుపూసల డెన్సిటీ 35 శాతం పెరిగింది. అంత పెరుగుదల చూస్తే ఎవరైనా చప్పట్లు కొడతారు. తీరా లెక్క తీస్తే వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. వెన్ను కాని చోట్ల విరగడాలు, మందు తీసుకోనివాళ్లలో 24 అయితే, తీసుకున్నవాళ్లలో 72.

స్కాన్ గెలిచింది, కాలు ఓడింది. ఎముకల మీద ప్రాజెక్టు చేసే ప్రతి విద్యార్థీ ఆ రెండు అంకెల్ని గోడకి అంటించుకోవాలని నా అభిప్రాయం. పాలరాతి ఎముకల జబ్బని ఒకటి ఉంది, పుట్టుకతో వస్తుంది. పాత ఎముకని తవ్వే కణాలు అందులో పనిచెయ్యవు. ఎముక పేరుకుపోయి, మూలుగకి చోటు లేకుండా, రాయిలా అవుతుంది. ఆ పిల్లల ఎముకలు కూడా తేలిగ్గానే విరుగుతాయి.

అలాగని స్కాన్ దండగ అనుకోవద్దు. తుంటి దగ్గర టీ-స్కోరు ఒక్కో మెట్టు దిగుతున్నకొద్దీ అక్కడ విరిగే ప్రమాదం రెండింతలకు పైగా పెరుగుతుంది. వయసు, గతంలో విరిగిన ఎముకలు, వాడే మందులు, పడిపోయే అలవాటు, ఇవన్నీ దానికి కలుపుకుని చూడాలి. మేం కలుపుకోలేదు. తడి గచ్చుని అసలు లెక్కలోకే తీసుకోలేదు.

తవ్వేవాళ్లు, కట్టేవాళ్లు

ఇప్పటిదాకా ఎముకని ఓ వస్తువులా మాట్లాడాను. కానీ ఒంట్లో ఉన్న ఎముక బతికున్న సరుకు, ఎప్పుడూ మరమ్మతులో ఉండే ఇల్లు. ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు పాత ఎముకని ఆమ్లంతో కరిగించి గుంట తవ్వుతాయి, రెండు మూడు వారాల్లో. వాటి వెనకే ఆస్టియోబ్లాస్ట్‌లు వచ్చి కొల్లాజెన్ పరిచి ఖనిజం పోసి పూడుస్తాయి. ఆ పూడ్చడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. మన ఊళ్లో రోడ్లు తవ్వేవాళ్లకీ పూడ్చేవాళ్లకీ ఉన్న తేడాయే ఇదీ. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదో వంతు ఇలా మారుతూ ఉంటుంది. నెలసరి ఆగి ఈస్ట్రోజెన్ పడిపోగానే తవ్వకం జోరందుకుంటుంది, పూడిక వెనకబడుతుంది. ఎముక గుల్లబారడమంటే అదే.

ఎక్కువగా రాసే మందులు తవ్వేవాళ్లని ఆపేవే. అలెండ్రోనేట్ 1995లో అమెరికాలో అనుమతి పొందింది. ఖనిజానికి అతుక్కుని, తవ్వడానికి వచ్చిన కణాన్ని దెబ్బతీస్తుంది. విరగడాలు నిజంగా తగ్గుతాయి. కానీ చాలా ఏళ్లు ఆపకుండా వాడితే పాత బీటల్ని శుభ్రం చేసే పని కూడా ఆగి, అరుదుగా తొడ ఎముక నడిమికి విచిత్రంగా విరగొచ్చు. అందుకే కొన్నేళ్లకి డాక్టర్లు విరామం ఇస్తారు. (ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్రలు మానేయొద్దు. ఆపినందువల్ల వచ్చే నష్టమే చాలామందికి ఎక్కువ.)

మరి ఎక్కడ తవ్వాలో ఎక్కడ కట్టాలో చెప్పే మేస్త్రీ ఎవరు? ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. 1866లో జ్యూరిచ్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీరశాస్త్రవేత్త తొడ ఎముక పైకొనని నిలువునా కోసి, లోపలి సన్నటి ఎముక కడ్డీల అల్లిక చూపించాడు. కార్ల్ కుల్మన్ అనే సివిల్ ఇంజనీరు దాన్ని చూసి నివ్వెరపోయాడు. వంపు తిరిగిన క్రేనులో బరువు ఏ గీతల వెంట ప్రయాణిస్తుందో తను లెక్కగట్టి గీసిన బొమ్మా, ఇదీ ఒకలాగే ఉన్నాయి. యూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ సర్జన్ 1892లో దీన్ని సూత్రంగా చెప్పాడు: బరువు పడే తీరుని బట్టి ఎముక తనని తాను మార్చుకుంటుంది. అంతరిక్షంలో బరువే లేదు కాబట్టి వ్యోమగాముల తుంటి దగ్గర నెలకి 1 నుంచి 1.5 శాతం ఎముక పోతుంది.

ఎంత బరువు, ఎన్నిసార్లు? రూబిన్, లాన్యన్ అనే ఇద్దరు 1984లో కోడిపుంజు రెక్క ఎముక మీద ఈ లెక్క తేల్చారు. రోజుకి 36 సార్లు బరువు పెట్టి తీస్తే ఎముక పెరిగింది. 1800 సార్లు పెట్టి తీసినా అంతకన్నా పెరగలేదు. పెట్టి అలాగే ఉంచితే లాభం లేదు, పెట్టి తీయాలి. అంటే రేషన్ క్యూలో గంటసేపు నిలబడ్డం ఎముకకి లెక్కలోకి రాదు, ఓ పాతిక గెంతులు వస్తాయి. ఎముక లోపల చిక్కుకుపోయి ఉండే ఆస్టియోసైట్ కణాలే మేస్త్రీలు. ఎముక కొద్దిగా వంగినప్పుడు సన్నటి కాలవల్లో నీరు కదులుతుంది, ఆ కదలికని అవి పసిగడతాయి. కదలిక లేకపోతే స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్ని వదిలి కట్టేవాళ్లని ఆపుతాయి. దక్షిణాఫ్రికాలో ఆఫ్రికానర్ కుటుంబాలు కొన్నిటిలో పుట్టుకతోనే ఈ బ్రేకు ఉండదు, వాళ్ల ఎముకలు పెరుగుతూనే ఉంటాయి. ఆ సంగతిని పట్టుకుని తయారుచేసిన మందే రోమోసోజుమాబ్, 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మందుల సంగతి అలా ఉంచి, 2018లో ఆస్ట్రేలియా వాళ్లు ప్రచురించిన ఓ పరీక్ష చూడండి. ఎముక పలచబడిన, నెలసరి ఆగిన 101 మంది ఆడవాళ్లు. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, నిపుణులు దగ్గరుండి చేయించిన బరువైన వ్యాయామం, ఎనిమిది నెలలు. వాళ్ల వెన్ను డెన్సిటీ 2.9 శాతం పెరిగింది, తేలికపాటి వ్యాయామం ఇంట్లో చేసుకున్నవాళ్లది 1.2 శాతం తగ్గింది. మన ఇళ్లలో యాభై దాటిన ఆడవాళ్లకి మొదట చెప్పే మాట "బరువులెత్తకు" అని. విరిగిన కాలున్న మా అమ్మకి అది సరైన మాటే. మా అక్కకి కాదు.

కాల్షియం గురించి రెండే ముక్కలు. పెద్దవాళ్లకి రోజుకి 600 మిల్లీగ్రాములు చాలన్న పాత లెక్కని హైదరాబాద్ పోషకాహార సంస్థ వాళ్లు 2020లో 1000కి పెంచారు. వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది, అంతే పాలల్లో 120. విటమిన్ డి చర్మం మీద ఎండ పడితే తయారవుతుంది, అదీ నడినెత్తిన సూర్యుడున్న వేళ. బ్లేజ్‌వాడ అని మనకో పేరుండనే ఉంది. ఆ ఎండలో పది నుంచి మూడు దాకా బయటికొచ్చేది ఎవరు?

రెండు నెలల ప్రాజెక్టు, నాలుగు నెలల ఎముక

ఇప్పుడు విద్యార్థుల దగ్గరికొద్దాం. ఎంబీబీఎస్ పిల్లలకి ఐసీఎంఆర్ 1979 నుంచి ఎస్టీఎస్ అని స్వల్పకాలిక పరిశోధన అవకాశం ఇస్తోంది, గడువు రెండు నెలలు. ఎముకలో ఒక్క గుంట తవ్వి పూడ్చడానికే నాలుగు నెలలు. పైగా డెక్సా యంత్రమే అటూఇటూ ఒకటి రెండు శాతం తేడాగా చెబుతుంది. కాబట్టి "ఎనిమిది వారాల్లో ఎముక బలం పెరిగింది" అని ఏ పోస్టర్ మీదైనా కనబడితే అనుమానించాలి. అంత తక్కువ కాలంలో నిజాయితీగా కొలవగలిగేవి వేరే ఉన్నాయి. తవ్వకం, కట్టుబడి జోరు చెప్పే రక్త పరీక్షలు, ఎవరెంత కాల్షియం తింటున్నారు, ఇంట్లో ఎన్నిసార్లు పడ్డారు, ఇలాంటివి. చిన్న ప్రశ్నలే గానీ జవాబులు దొరుకుతాయి.

ఫార్మసీ పిల్లలు ఎలుకల దగ్గరికెళ్తారు. అండాశయాలు తీసేసిన ఆడ ఎలుక ఎముకలు త్వరగా పలచబడతాయి, నెలసరి ఆగడానికి అదో నమూనా. కాలేజీ జంతు నైతిక సంఘం అనుమతి కావాలి. ఎక్కువగా పరీక్షించే మొక్క నల్లేరు. సంస్కృతంలో దాని పేరే అస్థిసంహారకం, ఎముకల్ని కలిపేది అని. 1960ల్లోనే కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప బృందం విరిగిన ఎముక అతకడంలో దాని పాత్రని పరిశీలించింది. మా ఇంట్లో అమ్మ కోసం నల్లేరు పచ్చడి చేశాం, గొంతులో దురద తప్ప నాకేం అర్థం కాలేదు, సరిగా వేయించలేదేమో. మాట మాత్రం చెప్పాలి: విరిగింది అతకడం ఒకటి, విరగకుండా ఉండడం ఇంకొకటి. ఎలుకలో అతికిందని మనిషిలో విరగదని రాసేస్తారు. పైగా ఎలుక ఎముక పైపొరలో, మనకున్నట్టు, హేవర్స్ గొట్టాలుగా తవ్వి కట్టే పని మామూలుగా జరగదు. ఎలుక మీంచి మనిషి దాకా ప్రయాణం నల్లేరు మీద బండి నడక కాదు.

ఇక పెంకులు. మా డబ్బా నిండాక నేనే గుంటూరు తీసుకెళ్లి ఇచ్చాను, పని చూడనిస్తారన్న ఆశతో. పెంకుల్ని ఉడికించి, లోపలి పల్చటి పొర గోళ్లతో ఒలిచారు. విసుగు పుట్టే పని అదే. ఎండబెట్టి, మిక్సీలో పొడి చేసి, మఫుల్ ఫర్నేసులో 900 డిగ్రీల దగ్గర కాల్చారు. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతే వంద గ్రాములకి 56 మిగులుతుంది. అదే సున్నం. నీళ్లు పోస్తే సుయ్యిమని పొగలు కక్కింది. పూర్వం గోడలకి వేసిన ఆ సున్నమే. ఆ సున్నపు పాలల్లోకి ఫాస్ఫారిక్ ఆమ్లం చుక్క చుక్కా వదలాలి, అమ్మోనియాతో పీహెచ్ పదికి పైన నిలబెట్టాలి. తొందరపడి ఆమ్లం పోసేస్తే పీహెచ్ పడిపోయి వేరే రకం ఫాస్ఫేట్లు వస్తాయి. మా వాళ్లకి మొదటిసారి అదే అయింది. రెండోసారి రాత్రంతా ఊరబెట్టి, కడిగి, వడగట్టి, ఎండబెడితే తెల్లటి ముద్ద మిగిలింది. కాగితం మీద లెక్కయితే వంద గ్రాముల కార్బొనేట్‌కి వంద గ్రాముల హైడ్రాక్సీ అపటైట్ రావాలి. చేతికొచ్చింది అందులో సగం.

ఫాస్ఫరస్ సరిగా చేరిందో లేదో చూడ్డానికి చిన్న గాజు గొట్టంలో మాలిబ్డేట్ కలిపారు, ఇంకో రసాయనం వేశారు. నీళ్లు నీలంగా తిరిగాయి. నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. "దీని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి" అంది మేనకోడలు, రికార్డు పుస్తకంలోంచి తల ఎత్తకుండా. ఆ సుబ్బారావు ఎవరని అడిగితే తెలీదంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి అది. నూరేళ్లు దాటినా, భీమవరానికి బస్సులో పోగలిగిన దూరంలో ఓ పిల్ల ఆ నీలం రంగు చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ పొడి ఎముకని బలపరుస్తుందా? తింటే, కడుపులో ఆమ్లం దాన్ని కరిగించేస్తుంది, మామూలు కాల్షియం మాత్ర లాగే. ఎముక దగ్గరికెళ్లి సిమెంటులా అతుక్కోదు. దాన్ని బిళ్లగా కాల్చి గట్టిపరిస్తే నొక్కుడికి బాగానే ఆగుతుంది, కానీ పగులుని ఆపే శక్తి కొలిస్తే ఒకటి దగ్గర ఉంటుంది. అదే కొలతలో మన ఎముక 2 నుంచి 12. స్టవ్ మీద కాల్చిన బొమికె గుర్తుంది కదా, దానికి చదువుకున్న చుట్టం ఇది.

అయితే పనికిరాదా అంటే, బ్రహ్మాండంగా పనికొస్తుంది. బలపరచడానికి కాదు, పూడ్చడానికి. ప్రమాదంలో ఎముక ముక్క పోయిన చోట, పన్ను పీకిన గుంటలో, టైటానియం తుంటి మీద పూతగా. కట్టే కణాలు దీన్ని చూసి తమదే అనుకుని పని మొదలుపెడతాయి. ఎముకతో అతుక్కునే మొదటి కృత్రిమ పదార్థాన్ని 1969లో అమెరికాలో లారీ హెంచ్ చేశాడు. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన ఓ సైనికాధికారి బస్సులో ఆయన పక్కన కూర్చుని, కాళ్లు పోయిన కుర్రాళ్ల గురించి చెప్పి, ఒళ్లు వద్దనని సరుకేదైనా చెయ్యలేరా అన్నాడట. సోడియం, కాల్షియం, ఫాస్ఫరస్ కలిపిన గాజు తయారైంది. పెళుసుతనానికి మందు కొల్లాజెన్ లాంటి మెత్తటిదాన్ని కలపడమే. మన కోస్తాలో రొయ్యల షెడ్ల దగ్గర గుట్టలు పడే పెంకుల్లోంచి వచ్చే కైటోసాన్ అందుకు బాగా సరిపోతుంది. అపటైట్, కైటోసాన్ కలిపి స్పాంజిలా చేసి, రక్తంలోని లవణాలని పోలిన ద్రవంలో 36.5 డిగ్రీల దగ్గర నానబెట్టి, పైన అపటైట్ పొర పడుతుందో లేదో చూస్తారు. ఆ ద్రవం జపాన్‌లో, క్యోటోలో, కోకుబో అనే శాస్త్రవేత్త రూపొందించింది. పొర పడినంత మాత్రాన ఒంట్లో ఎముక పుడుతుందని కాదు. చాలా పోస్టర్లలో మాత్రం కథ అక్కడికి వచ్చి సుఖాంతం అయిపోతుంది.

ఇవన్నీ చర్చించుకున్నాక మేనకోడలి బ్యాచ్ పేరు మార్చింది. పెంకుల పని పూడ్చే సరుకుగా ఓ అధ్యాయంలో పెట్టారు. అసలు ప్రశ్న మొండితనం మీదకి మళ్లింది: ఎముకలో నీరు పోతే ఏమవుతుంది? దానికి ఒకే తీరు మేక తొడ ఎముకలు కావాలి. ఓ ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టు ముందు నిలబడి "మాంసం వద్దు, తొడ బొమికెలు ఎనిమిది, కొట్టకుండా ఇవ్వు" అన్నాను. కత్తి మొద్దు మీద పెట్టి నా వంక చూశాడు. "కొట్టకపోతే మూలుగెలా తింటారండీ?"

సగం ఎముకలు ఉప్పునీటి గుడ్డలో తడిగా ఉంచారు, సగం ఓవెన్‌లో సన్నటి వేడికి రోజులకొద్దీ ఎండబెట్టారు. సివిల్ డిపార్ట్‌మెంట్‌లో సరుకుల బలం పరీక్షించే యంత్రం, యూటీఎం అంటారు, దాని మీద రెండు దిమ్మెల మధ్య పడుకోబెట్టి, నడిమికి నొక్కు. ఎండినవి బిగుసుకుని నిలబడ్డాయి, ఒక్కసారిగా ఫెళ్లుమన్నాయి. ల్యాబ్ అటెండరు ఉలిక్కిపడి, "ఇన్నాళ్లూ సిమెంటు దిమ్మలే పగలగొట్టాం, ఇంత చప్పుడెప్పుడూ రాలేదు" అన్నాడు. తడివి ముందు కొంచెం వంగాయి, టిక్కుటిక్కుమని సన్నగా మూలిగాయి, అలా సాగి సాగి చివరికి విడిపోయాయి. గ్రాఫులో ఎండిన ఎముక గీత నిటారుగా లేచి తెగిపోతుంది. తడిదాని గీత అంత నిటారుగా లేవదు, చాలా దూరం పోతుంది. గీత కింద ఉన్న చోటు ఎంతో, విరగ్గొట్టడానికి పట్టిన శక్తి అంత.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ గ్రాఫు ప్రింటు తెచ్చి అమ్మమ్మ చేతికిచ్చింది. అమ్మ అప్పటికి వాకర్ పట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజుకి పదిసార్లు చేస్తోంది, ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పినట్టు. కళ్లజోడు సర్దుకుని రెండు గీతల్నీ వేలితో తడిమింది.

"ఇందులో నాదేదే?"

"నీది చెప్పాలంటే మెషిన్లో పెట్టి విరగ్గొట్టాలి అమ్మమ్మా."

"ఒకటి విరిగిందిగా. అప్పుడు కొలవాల్సింది" అని కాగితం పక్కన పెట్టి, వాకర్ దగ్గరికి లాక్కుంది. "ఆరో ఏడో... ఏడు. లెక్క తప్పించావు."